గంగప్ప ముగ్గు, నళినమ్మ పేపరు

పీణ్య ఫ్యాక్టరీల పేటలో మిషన్ల మోతకి కాకులు అరిచేది మానేసి రెక్కలతో సైగలు చేసుకుంటాయి. నమ్మనోళ్ళు పోయి చూసుకోవచ్చు. అట్లాంటి చోట మొగోళ్ళ మనసులో మాట వింటానని రికార్డరు పట్టుకోని కూర్చునింది డాక్టర్ నళిని. వినింది కూడా. ఎంత బాగా వినిందంటే, ఆ కథ ఇప్పుడు తలుచుకుంటే అందరికన్నా ముందు ఆయమ్మే నవ్వుతాది.

నళినిది అత్తిబెలె పక్క. నాయన సొన్నప్ప రోజాపూలు పండించి మార్కెట్టుకి వేసే మనిషి. బిడ్డ చదివి చదివి మనసు డాక్టరయితే, "మా పాప తలకాయ డాక్టరు" అని సంతలో చెప్పుకునేవాడు. దేనిమీద రీసర్చి అని ఎవరన్నా అడిగితే "మనుషుల మీదప్పా" అని పూలబుట్ట ఎత్తుకునేవాడు. అది అబద్ధం కాదు. ఆడామగా అనేది మనం ఎట్ల నేర్చుకుంటాము, ఎవరి మీదికి ఎవరి మనసు పోతాది, ఒళ్ళు ఒకటి చెప్పి మనసు ఇంకోటి చెప్తే ఆ మనిషి ఎట్ల బతుకుతాడు, ఇదీ నళిని చదువు.

హోసూరు రోడ్డు పక్కన ఒక పెద్ద కాలేజీలో ఆయమ్మకు గది ఇచ్చినారు. తలుపు మీద "జెండర్ అండ్ సెక్సువాలిటీ" అని బోర్డు. ఆ బోర్డు ముందర నుంచి జనం ఎంత బిరబిరా నడిచిపోయేవాళ్ళంటే, ఆ గాలికి వరండాలో దుమ్మంతా ఎగిరిపోయి ఊడ్చేవాళ్ళకి పని లేకుండా పోయింది. అదే జనం సందు చూసుకోని ఫోను చేసి, "మేడం, మా దోస్తుకి ఒక ఇబ్బంది ఉండాది" అనేవాళ్ళు. అట్లాంటి దోస్తు లేని మనిషి ఆ కాలేజీలో ఒకడూ లేడు.

పేరు మాత్రం రాలేదు. ఆయమ్మ రాసిన పేపర్లు చదివేది ముగ్గురే: రాసిన ఆయమ్మ, తప్పులు దిద్దినాయన, అచ్చేసినాయన. తప్పులు దిద్దినాయన నడాన నిద్దరపోయినాడని ఆయమ్మకు ఇప్పటికీ అనుమానమే.

తలుపు మూసుకున్నాక వచ్చేవాళ్ళు వేరే. జాయ్ అని ఒక నర్సమ్మ ఉండాది. పుట్టినప్పుడు మొగబిడ్డ అన్నారు. పెరిగేకొద్దీ తాను ఆడమనిషినని ఆయమ్మకు తెలిసిపోయింది. ఆ మాట నోటి నుంచి బయటికి వచ్చేలోపల ఎన్ని కాఫీలు చల్లారి మీగడ కట్టినాయో. ఒక్కటీ తాగలేదు. మొదటి దినమే అడిగింది, నేను చెప్పేది మీరు నమ్ముతారా మేడం, అని. నళిని కొంచెం నిక్కి కూర్చోని, "నమ్మేదే నా పని" అనింది. చెప్పేకి ఎంత గొప్పగా ఉండాదో చూడండి ఆ మాట. తర్వాత అదే తన కాలికి అడ్డం పడతాదని తెలియక అనింది. జాయ్ లాంటోళ్ళ మాటలు పేర్లు మరుగుచేసి పేపరుగా రాస్తే, దాన్నీ ఆ ముగ్గురే చదివినారు.

అప్పుడు డిపార్ట్‌మెంటుకి పెద్ద అమరనాథ్ సారు పిలిచి, ప్రొఫెసరు కావాలంటే లోకం తిరిగి చూసే పేపరు ఒకటి ఉండాల, నీ దగ్గర అట్లాంటిది లేదు, అని చెప్పినాడు. నళినికి పౌరుషం వచ్చింది. మొగోడు అంటే ఏమి అని మొగోళ్ళనే అడుగుతానని పీణ్యకి పోయింది. ఒక ఫ్యాక్టరీ వెనకాల వర్కర్లు నాటకాలు నేర్చుకునే రూము ఉండాది. శనివారం శనివారం అక్కడ కూర్చునేది. మాట్లాడేకి వచ్చినోళ్ళకి దుడ్డు ఇయ్యగూడదని రూలు. అందుకని వడా కాఫీ తెప్పించేది. తప్పంతా ఆ వడదే అని ఆయమ్మ చానా దినాలు చెప్పుకునింది.

వచ్చిన మొగోళ్ళు వడ తినేవాళ్ళు. "ఏముంది మేడం, అంతా చెన్నాగుంది, బాగనే ఉండాది" అనేవాళ్ళు. మూతి తుడుచుకోని పోయేవాళ్ళు. రికార్డరులో నమిలే చప్పుడు తప్ప ఏమీ పడలేదు.

ఇట్లుండంగా గంగప్ప వచ్చినాడు. లేత్ మిషన్ మీద వెంట్రుకలు తెల్లబడిన మనిషి. కూర్చుంటానే, "ఏమమ్మణ్ణీ, నువ్వు మన పక్కదానివి మాదిరి ఉండావే" అన్నాడు. అచ్చం నళిని అవ్వ మాట్లాడే తెలుగు. ఎదుటోళ్ళు రెప్ప కొడితే ఎందుకు కొట్టినారో చెప్పే చదువు ఆయమ్మది. అబద్ధం పట్టుకునే ప్రశ్నలు పిల్లకాయలకి నేర్పించే ఉద్యోగం. ఆ ఒక్క "అమ్మణ్ణీ" దెబ్బకి ఆ చదువంతా మజ్జిగలో ఉప్పురాయి అయిపోయింది.

గంగప్ప కూడా మొదట "ఏమీ లేదమ్మణ్ణీ" అనే చూసినాడు. రికార్డరు ఆఫయింది, వడల ప్లేటు లోపలికి పోబోయింది. ఆయప్ప అది గమనించినాడు. "ఉండు ఉండు, ఒకటుండాది" అని మొదలు పెట్టినాడు. తాను వర్కర్ల నాటకంలో ఏటేటా ద్రౌపది వేషం కడతానన్నాడు. "ద్రౌపది నడక రావాలంటే ద్రౌపది పని చెయ్యాల గదా. అందుకని నెల ముందు నుంచి ఇంట్లో చీర కట్టుకుంటా. తెల్లారి లేచి కళ్ళాపి చల్లి ముగ్గేస్తా, వంట చేస్తా. మా యింటామె గడప మీద కాలు మీద కాలేసుకోని పేపరు చదువుతాది. 'ఏమే, కాఫీ ఏదే' అంటాది. నేను తల వంచుకోని 'తెచ్చిస్తినప్పా' అంటా."

నళిని కండ్లు చక్రాలైపోయినాయి. ఇంకో ప్లేటు వచ్చింది. ఇంకో ప్లేటుకి ఇంకో కథ. ఇంట్లోకి దొంగలు వస్తే భార్య కట్టె పట్టుకోని బయటికి ఉరికిందంట, తాను బియ్యం డబ్బా వెనకాల దాక్కున్నాడంట. ఆ పై ప్లేటుకి ఆయప్పకి పచ్చి మామిడికాయ మీద ఆశ పుట్టి, కడుపులో తిప్పినట్లుగా కూడా అయిందంట. అక్కడన్నా అనుమానం రావాల గదా? రాలేదు. "వేషాన్ని శరీరం కూడా నమ్మింది" అని ఇంగ్లీషులో రాసుకునింది నళిని. రాసుకోని, గీత కూడా గీసుకునింది. లేచి పోతా ఉంటే ఆయప్ప చెయ్యి పట్టుకోని, "మీలాంటి మొగోణ్ణి నేను ఇంతవరకూ చూడలేదన్నా" అనింది.

ఆ పేపరు అచ్చయింది. ఎంత పేరు వచ్చిందంటే, జర్మనీలో ఒకాయన అది చదివి పెండ్లాం కోటు తొడుక్కోని ట్రామెక్కినాడంట. నళిని ఇమానాలెక్కి దేశాలు తిరిగింది. పోయిన చోటల్లా తెరమీద ఒక బొమ్మ: గడప మీద కాలు మీద కాలేసుకున్న ఆడమనిషి. గంగప్ప పేరు మాత్రం ఎక్కడా చెప్పలేదు, అది రీసర్చి ధర్మం. లోకానికి ఆయప్ప "ఏడో నంబరు". ఆడోళ్ళ మాట ఎవరూ అడగరు అని నళిని స్టేజీ గుద్ది చెప్తే, చప్పట్లకి సీలింగు సున్నం రాలి జనం నెత్తిన పడేది.

ఇట్ల ఐదేండ్లు గడిచినాక, ప్రొఫెసరు పోస్టుకి ఇంటర్వ్యూ అని పిలుపు వచ్చింది. ఆ పేపరే ఆయమ్మ ఆస్తి. అది లేకపోతే ఆయమ్మ చేతిలో ముగ్గురు చదివిన కాగితాలు తప్ప ఏమీ లేవు. సరిగ్గా ఆ వారమే, టిఫిన్ క్యారియరు పట్టుకోని ఒక పెద్దామె నళిని గదికి వచ్చింది. బోర్డు చదవలేదు కాబట్టి నిమ్మళంగా నడిచి వచ్చింది. తన పేరు వెంకటలక్ష్మి అనింది. పీణ్య గంగప్ప భార్యనని చెప్పింది.

నళిని సంబరంగా లేచి కుర్చీ వేసింది. దేశదేశాల్లో తెర మీద చూపించిన మనిషి ఎదురుగా వస్తే ఎవరికైనా సంబరమే గదా.

"డాక్టరమ్మా, నా మొగుడికి నువ్వు ఏం మందిచ్చినావో, దానికి విరుగుడు ఇయ్యి" అనింది వెంకటలక్ష్మి.

నళినికి అర్థం కాలేదు. వెంకటలక్ష్మి క్యారియరు తెరిచి ముందర పెట్టింది. ఇది తిని మాట్లాడు అనింది. నళిని చారు ఒక చెంచా నోట్లో పోసుకునింది. ఉప్పూ కారం జగడమాడుతా ఉంటే, విడిపించేకి వచ్చిన చింతపండు రెండు పక్కలా దెబ్బలు తినిన రుచి అది. కంట్లో నీళ్ళు తిరిగినాయి. ఇది ఆయప్ప చేసిందే అనింది వెంకటలక్ష్మి. ఆ శనివారాలు నీ దగ్గరికి వచ్చి పోయినప్పటి నుంచి ఇదే వరస అనింది. తెల్లారితే లేచి వాకిలి కడుగుతాడంట. ఫ్యాక్టరీ నుంచి కాలిపర్సు తెచ్చి చుక్కకీ చుక్కకీ కొలత పెట్టి ముగ్గేస్తాడంట. అయినా గీత వంకరేనంట. ఆ ముగ్గు చూసి ఆటోలోళ్ళు రోడ్డు తిరిగిందనుకోని పక్కింటి గేటులోకి పోతాండారంట. మొగుడికి తలకాయ జబ్బు వచ్చిందని ఆయమ్మ నిశ్చయం చేసుకునింది. చుట్టాలకి తెలియకుండా దాచి, ఇన్నేండ్లు దినం ఒక గుడ్డు పెట్టి సాకుతా ఉండాది. ఆయప్ప గుడ్డు తింటా ఉన్నాడే గాని, నాకు జబ్బు లేదు అని ఒక్క మాట చెప్పలేదు.

రీసర్చిలో ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పగూడదు. నళిని నాలిక కరుచుకోని, మెల్లిగా ఒకటే అడిగింది: అంతకుముందు ఎప్పుడూ ఇంట్లో పని చేసేవాడు కాదా అక్కా?

"ఆయప్పా? పెండ్లయినప్పటి నుంచి చెంబుతో నీళ్ళు ముంచుకోని తాగింది లేదు."

నాటకాల్లో ఆడవేషం కడతాడని వింటినే అనింది నళిని. వెంకటలక్ష్మి నవ్వు ఆపుకోలేకపోయింది. ఒకే ఒక్కసారి కట్టినాడంట, అదీ ద్రౌపది పక్కన చెలికత్తె. చెప్పాల్సిన మాట మర్చిపోయి, దుర్యోధనుడికి దండం పెట్టి దిగి వచ్చేసినాడంట.

క్యారియరు సర్దుకోని ఆయమ్మ పోయినాక, నళిని తలుపేసుకోని నవ్వింది. నవ్వి నవ్వి, నవ్వు నడాన ఆగిపోయింది. ఆడోళ్ళ మాట ఎవరూ అడగరు అని ఊరూరా సున్నం రాలగొట్టిన మనిషి, ఇన్నేండ్లలో ఆ ఇంటి ఆడమనిషిని ఒక్క మాట అడగలేదు. గంగప్ప సరే అంటే భార్యను అడిగుండొచ్చు. ఆయప్పనీ అడగలేదు. అడిగితే కథ ఎక్కడ పోతాదో అని లోపల ఒక మూల తెలిసే ఉండిందేమో. ఎదుటోళ్ళ లోపలి మూలలు వెదికేదే ఉద్యోగం, తన మూల మాత్రం ఊడ్చుకోలేదు.

మరుసటి దినం పీణ్యకి పోయి టీ అంగడి దగ్గర గంగప్పను పట్టుకునింది. ఆయప్ప దాచలేదు. టీ గ్లాసు తిప్పుకుంటా, "నువ్వు అంత ఆశగా చూస్తాంటివమ్మణ్ణీ. ఆశగా అడిగేవాళ్ళకి లేదని ఎట్ల చెప్పేది?" అన్నాడు. మామిడికాయ సంగతి మాత్రం కొంచెం జాస్తి అయిందని ఒప్పుకున్నాడు. ఆ దినం వడ చానా బాగుండిందంట.

మరి ఈ ముగ్గు ఎందుకన్నా అని అడిగింది నళిని.

గంగప్ప గ్లాసు కింద పెట్టినాడు. తర్వాత చెప్పినాడు. "నువ్వు నా చెయ్యి పట్టుకోని, ఇట్లాంటి మొగోణ్ణి చూడలేదు అంటివి గదా. ఇంటికి పోయి అద్దంలో చూసుకుంటే ఆ మొగోడు లేడు. సిగ్గేసింది. ఆ ఇంటామెకి కాఫీ అయినా కలిపిద్దామని లేస్తి. అదీ సరిగ్గా రాలేదు."

నళిని అమరనాథ్ సారు దగ్గరికి పోయి ఉన్నదున్నట్లు చెప్పింది, పేర్లు చెప్పకుండా. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకోని, కొంచెంసేపు ఫ్యాను చూసినాడు. "నువ్వు రాసింది అప్పుడు నిజం కాదు, ఇప్పుడు అయింది. అంతే గదా? బస్సు లేటుగా వచ్చింది, రాకుండా పోలేదు. ఇంటర్వ్యూ అయ్యేదాకా మాట్లాడకుండా సుమ్నే ఉండు తల్లీ" అన్నాడు. ఇంకోటి కూడా చెప్పినాడు. ఈ సబ్జెక్టే బూటకం అనేవాళ్ళు కాచుకోని ఉండారు, నువ్వు నోరు తెరిస్తే జాయ్ లాంటోళ్ళందరి మాటా అబద్ధం అంటారు, వాళ్ళ కోసమన్నా నోరు మూసుకో అని.

ఆ మాటే నళినిని పట్టుకునింది. ఎంత మంచి సాకు అది. తనకి ప్రొఫెసరు పోస్టు, జాయ్‌కి రక్షణ, గంగప్పకి దినం ఒక గుడ్డు. అందరికీ లాభమే. ఇంటర్వ్యూ నాటికి ఇస్త్రీ చీర కట్టుకోని, నోరు మూసుకునేదని తీర్మానం చేసుకోనే పోయింది.

లోపల పొడుగు టేబులు, దాని వెనకాల పెద్దోళ్ళు. ఏసీ ఎంత చల్లగా ఉండిందంటే, గోడ మీది బల్లి శాలువా కోసం చూస్తా ఉండింది. నళిని ముందర కాఫీ పెట్టినారు. పేపరు గురించి ఒకాయన పొగడతానే ఉండాడు, పొగడతానే ఉండాడు. నళిని కాఫీ దిక్కు చూసింది. చల్లారి మీగడ కట్టింది. అంతే, జాయ్ గుర్తుకి వచ్చింది. జాయ్ మాటా గంగప్ప మాటా ఒకే బుట్టలో వేసి, రెండింటి మీదా ఒకే చీటీ అంటించి తాను అమ్ముకుంటా ఉండాదని తోచింది.

"ఈ పేపరు నేను వెనక్కి తీసుకుంటాండా సార్" అనింది.

టేబులు వెనకాల కుర్చీలు కిర్రుమన్నాయి. నళిని చెప్పింది: ఏడో నంబరు చెప్పిందంతా కల్పన. తప్పు ఆయనది కాదు. నాకు ఏది కావాలో నా మొగంలో చదివి, అదే ఇచ్చినాడు. మనసు చదివింది ఆయన, చదువుకున్నదాన్ని నేను. భార్యను అడిగుంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడగలేదు.

ఆయమ్మ భయపడిన ప్రశ్న ఆఖరికి చివర కూర్చున్న ఆయన నోటి నుంచి వచ్చింది. అట్లయితే మీ దగ్గరికి వచ్చి మాట్లాడిన మిగతావాళ్ళంతా కూడా కథలు చెప్పినట్లే గదా?

"కాదు సార్. ఈయన చెప్తే వడ వస్తాది. వాళ్ళు చెప్తే ఇల్లు పోతాది, పని పోతాది. ఆ తేడా నేను చూడాల్సింది, చూడలేదు. ఆ తేడా ఉండాదని చెప్పేకే ఈ పొద్దు నోరు తెరిచినా."

అమరనాథ్ సారు ఫ్యాను కోసం పైకి చూసినాడు, ఏసీ రూములో ఫ్యాను లేదు.

ప్రొఫెసరు పోస్టు రాలేదు. వేరే ఆయనకి వచ్చింది, ఆయన ఎలకల మీద పని చేస్తాడు, ఎలకలు వడ తిన్నా కథలు చెప్పవు. నా పేపరు తప్పు అని నళిని రాసింది కూడా అచ్చయింది. ముందు పేపరు కన్నా దాన్నే ఎక్కువ మంది చదివినారు. తప్పు చేసి పేరు తెచ్చుకునేకి ఇంత చదువు ఎందుకమ్మా అని సొన్నప్ప అడిగినాడు. జర్మనీ ఆయన పెండ్లాం కోటు పెండ్లానికి ఇచ్చేసినాడంట. ఆయమ్మ వద్దు, నీకే బాగుండాది అనిందంట. ఇది నేను చూసింది కాదు, కానీ నిజమే అయ్యుంటాది.

ఆ తర్వాత ఒక దినం జాయ్ వచ్చింది. వచ్చి కూర్చోని, "మీ ఉద్యోగం పోయిందంట గదా మేడం" అనింది. పోలేదు, రాలేదు అంతే అనింది నళిని. జాయ్ కాఫీ తీసుకోని, వేడిగా ఉన్నప్పుడే తాగేసింది.

ఇప్పుడు నళిని కొత్త రీసర్చి మొదలు పెట్టింది. ఈసారి భార్యలను అడిగేది. మొదట గంగప్పతో ఒప్పుకుంటానని చెప్పించుకోని, పీణ్యలో వాళ్ళింటికే పోయింది. వాకిట్లో ముగ్గు ఉండాది. దాన్ని దాటేకి ఎట్ల పోవాల్నో తెలియక రెండుసార్లు చుట్టు తిరిగింది. వంటింట్లో గంగప్ప ఏదో మాడబెడతా ఉండాడు. ఆయప్పే నోరు తెరిచి చెప్తే, జబ్బు లేదని వెంకటలక్ష్మికి తెలిసిపోయింది. గుడ్డు మాత్రం నిలపలేదంట. అలవాటు అయిపోయిందంట, ఎవరికి అయిందో చెప్పలేదు.

నళిని రికార్డరు పెట్టింది. అలవాటు కొద్దీ వడల పొట్లం కూడా విప్పింది. వెంకటలక్ష్మి వడల దిక్కు చూసింది, నళిని మొగం దిక్కు చూసింది.

"ఏం చెప్తే బాగుంటాదో చెప్పు డాక్టరమ్మా, అట్లనే చెప్తా."

నళిని గబుక్కున పొట్లం ఎత్తి తన ఒళ్ళో పెట్టుకోని, రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఏదీ బాగుండక్కర్లేదక్కా అనింది. ఉన్నది చెప్పు చాలు.

వెంకటలక్ష్మి వంటింటి దిక్కు ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించింది. "నాకు ముగ్గేసేదంటే పెండ్లి కాకముందు నుంచీ బేజారు. ఆయప్ప వేసేది వంకరే గాని, ఇప్పుడు తెల్లారినాక కూడా పండుకోని ఉంటా. ఆటోలు గేటులోకి పోతే పోనీ. మానిపించమని నీ దగ్గరికి వస్తినే, అది జనం నోటికి భయపడి వస్తిలే. ఆయప్పకి చెప్పొద్దు."

చెప్పి చెయ్యి చాపింది.

"ఇది వడ లేకుండానే చెప్తి. ఇప్పుడు పెట్టు."